ముందు పైసలు పోతున్నవి, తర్వాత మనుషులు పోతున్నారు

ఇచ్చోడ: వలస అనే మాట వినగానే మన తెలంగాణలో ఎవరికైనా ముందు పాలమూరు గుర్తుకు వస్తుంది. ఆ తర్వాత సిరిసిల్ల నుంచి భివండి పోయిన నేత కార్మికులు, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి దుబాయి, మస్కటు పోయినవారు గుర్తుకు వస్తారు. ఇచ్చోడ ఎవరికీ గుర్తుకు రాదు. అందుకు కారణం లేకపోలేదు. మనది జనం విడిచిపోయిన సీమగా పేరుపడలేదు. జనం వెతుక్కుంటూ వచ్చిన సీమగానే పేరుపడింది.

ఇచ్చోడ అంగడిలో ఒక గంట నిలబడితే ఈ సంగతి తెలిసిపోతుంది. ఉల్లిగడ్డల కుప్ప దగ్గర మరాఠీ, బట్టల దుకాణం ముందు లంబాడీ, పశువుల బేరం దగ్గర గోండి, చాయ హోటలులో ఉర్దూ, వీటన్నిటి నడుమ మన తెలుగు. గోండులు, కొలాములు ఈ అడవులతో పుట్టినవారు. తక్కినవారిలో చాలామందిమి, ఈ వ్యాసం రాస్తున్న నాతో సహా, తాతల కాలంలోనో తండ్రుల కాలంలోనో మూట నెత్తిన పెట్టుకుని వచ్చినవారమే. మా తాత కరీంనగరు వైపు నుంచి ఎడ్లబండి మీద వచ్చాడని మా నాయన చెప్పేవాడు. అక్కడ చెల్క, ఇక్కడ నల్లరేగడి. ఇంతకు మించి కారణం అడగవలసిన పని లేదు.

ఈ రాకపోకలు ఎవరికీ నొప్పి తగలకుండా జరగలేదు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము నేలకొరిగింది భూమి కోసమే. ఆ తర్వాత నిజాం సర్కారు హైమన్ డార్ఫ్ అనే పండితుణ్ణి పంపి గోండుల స్థితిగతులు తెలుసుకున్నది. ఆ దశాబ్దంలోనే గోండులకు పట్టాలు ఇచ్చారు. కాని రోడ్లు పడినకొద్దీ బయటి జనం వస్తూనే వున్నారు. గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1959లో ఒక నిబంధన, దాన్ని బిగిస్తూ 1970లో 'వన్ ఆఫ్ సెవెంటీ' వచ్చినవి. 1976లో తెలంగాణలోని లంబాడాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. పక్కనున్న మహారాష్ట్రలో వారికి ఆ గుర్తింపు లేదు. 1981 ఏప్రిల్ 20న మనకు దగ్గరలోని ఇంద్రవెల్లిలో తుపాకులు పేలినవి. సర్కారు లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. అక్కడా అడిగింది భూమి పట్టాలే. ఎవరు ముందు వచ్చారు, ఎవరు వెనుక వచ్చారు అనే తగాదాను ఈ వ్యాసంలో తేల్చడం నా వల్ల కాదు. నేను చెప్పదలచింది వేరు. ఇంతకాలం వచ్చేవారి గురించే కొట్లాడుకున్న మనం, పోయేవారిని చూడడం మరచిపోయాము.

జనాభా లెక్కలు తిరగేస్తే ఇది తెలుస్తుంది. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా జనం 1971లో 12,88,348. 1981 నాటికి 16,39,003, 1991 నాటికి 20,82,479. అంటే పదేళ్ళకు 27 శాతం చొప్పున పెరిగినది. ఆ రెండు దశాబ్దాలలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెరుగుదల అంతకంటే తక్కువ. పుట్టినవారికి తోడు వచ్చినవారు కలిసినందువల్లనే ఈ తేడా అని వేరే చెప్పనక్కరలేదు. 2001 నాటికి 24,88,003, 2011 నాటికి 27,41,239. ఆఖరి పదేళ్ళలో పెరిగింది 10.18 శాతం మాత్రమే. రాష్ట్రం మొత్తం మీద పెరిగింది 10.98 శాతం. కుటుంబ నియంత్రణ వల్ల అన్ని చోట్లా పెరుగుదల తగ్గింది, నిజమే. కాని రాష్ట్రం కంటే ముందు పరుగెత్తిన జిల్లా రాష్ట్రం కంటే ఒక అడుగు వెనుక ఎందుకు పడింది? వచ్చేవారు తగ్గారు, పోయేవారు పెరిగారు అనక తప్పదు. 2016 అక్టోబరులో జిల్లా నాలుగు ముక్కలైన తర్వాత మన కొత్త ఆదిలాబాదు జిల్లాకు వేరుగా జనాభా లెక్క ఇంతవరకు జరుగనే లేదు. 2011 నాటి లెక్కను విడదీసి 7 లక్షల చిల్లర అంటున్నాము, అంతే.

ఇది మనుషుల సంగతి. పైసల సంగతి యింతకంటే ముఖ్యమైనది. దాన్ని లెక్కించేవారే లేరు.

ఒక ఐదెకరాల కౌలు రైతును తీసుకుందాం. పేరు వద్దు, ప్రతి వూరిలోనూ పది మంది దొరుకుతారు. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్ళ పత్తి పండినదనుకుందాం. వాన సరిగా పడిన ఏట మన రేగడిలో అది దురాశ కాదు. 2024–25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం దాటితే కొనుగోలే లేదన్న నిబంధనను పక్కన పెట్టి, పూర్తి ధర చేతికి వచ్చిందనే అనుకుందాం. నలభై క్వింటాళ్ళకు 3,00,840 రూపాయలు. కాగితం మీద చూస్తే కడుపు నిండుతుంది.

ఇప్పుడు ఈ సొమ్ము ఎటు పోయిందో దాని వెంట నడుద్దాము. ఆ ఏడు బీటీ విత్తన ప్యాకెట్టు ధర 864 రూపాయలు. ఎకరాకు రెండు చొప్పున పది ప్యాకెట్లకు 8,640. ఆ విత్తనాన్ని గద్వాల చేలలో పండించినా, ఇంకెక్కడ పండించినా, పైకం మాత్రం కంపెనీకి పోయింది. ఎరువులు, పురుగు మందులు, దుకాణంలో ఉద్దెర మీద పడిన మిత్తి కలిపి 60 వేలు అనుకుంటే, అందులో దుకాణదారు కమీషను తప్ప తక్కినదంతా ఇచ్చోడ పొలిమేర దాటింది. పత్తి ఏరడానికి పెన్‌గంగ అవతలి నుంచి వచ్చిన కైకిలి వాళ్ళకు కిలోకు పది రూపాయల చొప్పున 40 వేలు. వారు చెమటోడ్చి సంపాదించినది, వారి పిల్లల కోసం వారి వూరికి తీసుకుపోయారు. వారిని తప్పు పట్టేది ఏమీ లేదు. ఎకరాకు 15 వేల చొప్పున కౌలు 75 వేలు. ఆసామి ఎక్కడ వుంటాడు? ఇరవై ఏళ్ళ క్రితం ఇదే వూరిలో వుండేవాడు. ఇప్పుడు ఆదిలాబాదులోనో హైదరాబాదులోనో వుంటాడు. ఆ 75 వేలు కూడా బస్సెక్కింది. మొత్తం 1,83,640 పోగా, రైతుకు మిగిలింది 1,17,200. అందులో దున్నకానికి, కలుపు తీసిన ఆడవాళ్ళకు 30 వేలు ఇచ్చాడు. ఈ ముప్పై వేలే వూరిలో తిరిగిన సొమ్ము. కిరాణా దుకాణం, మంగలి, కుట్టు మిషను, చాయ హోటలు బతికేది దీని మీదనే. చివరికి ఇంట్లో మిగిలిన 87 వేలలో పిల్లవాడి హాస్టలు ఫీజు నిర్మల్‌కు, తల్లి వైద్యం ఖర్చు ఆదిలాబాదుకు పోవలసినదే.

పై అంకెలలో మద్దతు ధర, విత్తనం ధర సర్కారువి. తక్కినవి నేను ఉదాహరణకు వేసుకున్నవి. మీ వూరి రేట్లు పెట్టి మీరే మళ్ళీ లెక్క వేసుకోండి. అంకెలు మారవచ్చు గాని పైసలు పోయే దారి మారదు.

ఇంకొక సంగతి వున్నది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వచ్చింది, కౌలుదారుకు రాలేదు. 2025లో రైతుభరోసా అని పేరు మారి, ఎకరాకు సీజనుకు 6 వేలు అన్నారు. రెండు సీజన్లకూ పడితే ఐదెకరాలకు ఏడాదికి 60 వేలు. భూమి ఇచ్చోడలో, చెమట ఇచ్చోడలో, బ్యాంకు ఖాతా మాత్రం పట్నంలో! ప్రభుత్వం ఇచ్చే రైతు సొమ్ము మన మండలానికి ఇంత వచ్చిందని కాగితంలో రాస్తారు. అందులో ఎంత భాగం మండలంలో ఖర్చయిందో ఏ కాగితంలోనూ వుండదు. పట్టా వున్నవాడిని నేను తిట్టడం లేదు. ఆయన తన హక్కు తాను తీసుకున్నాడు. లెక్క సరిగా రాయండి అంటున్నాను.

జగిత్యాల, నిర్మల్ సీమల గల్ఫు వలసకూ మన వలసకూ తేడా ఇక్కడే వున్నది. అక్కడ ముందు మనిషి పోయాడు. అప్పు చేసి, ఏజెంటుకు లక్షలు కట్టి, ఎండలో మాడి, కొందరు శవపేటికలో తిరిగి వచ్చిన గాథలు మనకు తెలియనివి కావు. ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పలేను. అయినా అక్కడ మనిషి పోతే వూరికి సొమ్ము వచ్చింది. ఇల్లు లేచింది, బోరు పడింది. మన దగ్గర ముందు సొమ్ము పోతున్నది. వూరిలో తిరగవలసిన పైసలు తిరగక చేతిపనులు ఎండిపోయి, ఆ తర్వాత ఆ చేతిపని వాళ్ళు, వాళ్ళ వెనుక రైతు కొడుకులు పోతున్నారు. పోయి పంపేదేమైనా వున్నదా అంటే, పట్నంలో అద్దెకే చాలదు.

ఇతరుల సంగతి ఎందుకు, నా సంగతే చెబుతాను. నా కొడుకు హైదరాబాదులో ఒక కంపెనీలో పని చేస్తాడు. పండుగకు వచ్చినప్పుడు తల్లి చేతిలో ఐదువేలు పెడతాడు. వూరంతా మెచ్చుకుంటుంది. కాని వాడు అక్కడ ఇంటి జాగ కొన్నప్పుడు నేను పంపింది ఆరేళ్ళ పత్తి మిగులు, ఒక జత ఎడ్లు అమ్మిన పైకం. ఎవరు ఎవరికి పంపినట్లు? వాడు వలస పోయాడని అందరూ అంటారు. నా ఆరేళ్ళ పంట వాడికంటే ముందే వలస పోయిందని ఎవరూ అనరు. నాకు దీని మీద పశ్చాత్తాపం లేదు, తండ్రిగా మళ్ళీ అదే పని చేస్తాను. కాని నా వంటివారు మండలంలో ఎంతమంది? ఆ సొమ్ము మొత్తం ఎంత? ఎవరికైనా తెలుసునా?

తెలుసుకునే దేశాలు వున్నవి. అమెరికాలో కౌంటీ అని మన జిల్లా వంటిది వుంటుంది. అక్కడి ఆదాయపు పన్ను శాఖ, పన్ను కాగితాల మీది చిరునామాలు మారిన తీరును బట్టి, ఏ కౌంటీ నుంచి ఏ కౌంటీకి ఎన్ని కుటుంబాలు మారినవి, వారితో పాటు ఎంత ఆదాయం మారినది ప్రతి ఏటా ప్రకటిస్తుంది. వంద కుటుంబాలు పోయి వంద వచ్చినా, పోయినవారు ఉన్నవారూ వచ్చినవారు లేనివారూ అయితే ఆ కౌంటీ పెద్దలకు వెంటనే తెలిసిపోతుంది. అది పన్ను కట్టేవారి దేశం, మన పద్ధతి వేరు అంటారా? సరే, కేరళను చూడండి. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం వారు 1998లో మొదలుపెట్టి కొన్నేళ్ళకు ఒకసారి ఎంపిక చేసిన ఇళ్ళకు వెళ్ళి ఎవరు ఎక్కడికి పోయారు, ఎంత పంపారు అని అడిగి లెక్క తీస్తూ వచ్చారు. అక్కడ వలస గురించి మాట్లాడేవారు ఆ లెక్క చేతిలో పట్టుకుని మాట్లాడతారు. మనం చాయ హోటలులో కూర్చుని మాట్లాడుకుంటాము.

మన జనానికి లెక్కలో పడటం విలువ తెలియదని అనవద్దు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన నాడు చూశాము గదా! బొంబాయి నుంచి, భివండి నుంచి, హైదరాబాదు నుంచి రైళ్ళూ బస్సులూ కిక్కిరిసి వచ్చినవి. ఇంట్లో లేకపోతే రేషను కార్డు, పింఛను పోతుందన్న భయంతో పసిపిల్లలను చంకన వేసుకుని వచ్చారు. ఆ ఒక్కరోజు వూళ్ళు పూర్వం వలె నిండినవి. మర్నాడు మళ్ళీ ఖాళీ. ఆ రద్దీయే వలసకు పెద్ద సాక్ష్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దేశ జనాభా లెక్కలకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణంగా తీసుకుంటామని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. మనుషులను లెక్కించే పని ఆ ఫిబ్రవరిలో జరుగుతుంది. 2011లోనూ ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఈ ఇరవై రోజుల కాలంలో మొత్తం ఇంట లేనివారిని ఇంటి వద్ద లెక్కించరు, వున్న చోట లెక్కిస్తారు. ఢిల్లీలో ఈ నెలను ఎంచినవారికి చలికాలం, పనులు లేని కాలం అని తోచివుండవచ్చు. మన వూరివాడికి ఫిబ్రవరి అంటే ఏమిటి? పత్తి ఏరడం అయిపోయి, బాకీలు తీరీ తీరక, తునికాకు కోత యింకా మొదలుగాక, చేతిలో పని లేని నెల. పట్నంలో కట్టడం పనికో ఇటుక బట్టీకో పోయే నెల. అంటే మన మండలంలో అందరికంటే తక్కువ మంది వుండే రోజులలో మన మండలాన్ని లెక్కిస్తారు. పోయినచోట రేకుల గుడిసె దగ్గరకు లెక్కల మాస్టరు పోయి రాసుకుంటే సరే. పోకపోతే వాడు ఇక్కడా లేడు, అక్కడా లేడు.

దీనివల్ల నష్టం ఏమిటని కొందరు అనవచ్చు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచడానికి నూటికి తొంభై పాళ్ళు జనాభాను, పది పాళ్ళు విస్తీర్ణాన్ని చూసింది. వూరికి వచ్చే వాటాకూ తలల లెక్కే ఆధారం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనం వున్న తండాలు, గూడేలు పంచాయతీలైనవి. ఆ అంకె ఎంత బలమైనదో మన తండాల వారిని అడగండి. ఇప్పటికే పైసలు పోయిన వూరికి, తలల లెక్క కూడా తగ్గితే వచ్చే నిధీ తగ్గుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కాబట్టి ఫిబ్రవరి కంటే ముందే ప్రతి పంచాయతీ ఒక వలస రిజిస్టరు పెట్టాలని నేను కోరుతున్నాను. పెద్ద ఖర్చు లేదు, రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. ఎవరు పోయారు, ఏ నెలలో పోతారు, ఏ నెలలో వస్తారు. ఇంటికి పైసలు వస్తున్నవా, ఇంటినుంచి పోతున్నవా. భూమి వుంటే ఎవరు దున్నుతున్నారు. ఎంత అని మాత్రం అడగవద్దు. అడిగితే ఎవరూ నిజం చెప్పరు, చెప్పకపోవడమే తెలివి కూడా. ఎక్కువ రాబడి చెబితే తెల్లకార్డు పోతుందని, తక్కువ చెబితే పిల్లకు సంబంధం రాదని భయం. 'వస్తున్నవి', 'పోతున్నవి' అనే రెండు మాటలు చాలు. ఒక వూరిలో వంద ఇళ్ళలో డెబ్బై ఇళ్ళ ఎదుట 'పోతున్నవి' అని పడితే, ఆ వూరికి ఏమి కావాలో మండలాఫీసుకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

పంచాయతీలకు ఇదంతా చేతకాదు అనేవారికి మన మండలంలోని ముఖరా కె ను చూపిస్తాను. గాడ్గె మీనాక్షి సర్పంచిగా వున్న కాలంలో ఆ వూరివారు ఇంటింటి తడిచెత్తతో వర్మీ కంపోస్టు తయారుచేసి అమ్మి, ఆ సొమ్మును వూరి పనులకే ఖర్చు పెట్టారు. పెద్ద పరిశ్రమ ఏమీ కాదు. కాని ఎరువు కోసం కంపెనీకి పోయే పైసలలో కొన్నిటిని ఆపి వూరిలో తిప్పినట్లే గదా! చెత్తను తూచి లెక్క రాయగలిగిన పంచాయతీ, మనుషుల లెక్క రాయలేదా?

మరొక మంచి అవకాశం వున్నది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశంవారు ఎక్కడెక్కడ వున్నా ఆ రోజుకు చేరుకుంటారు. వారితో పాటు మన వూళ్ళ వారూ చాలామంది పని వదిలి వస్తారు. 2027లో ఆ అమావాస్య ఫిబ్రవరి 6న పడుతున్నది. గతసారి వలెనే 9వ తేదీన లెక్కింపు మొదలైతే మధ్యలో రెండు రోజులే. జాతరకు వచ్చినవారు మరికొన్నాళ్ళు వుండి, మాస్టరు వచ్చినప్పుడు పేర్లు రాయించుకుని పోతే సరిపోతుంది. కూలికి పోయే చోట మేస్త్రీకి ముందే చెప్పుకోవాలి, అడ్వాన్సు తీసుకున్నవారికి అది సులభం కాదని నాకు తెలుసు. అందుకే ఆ వారం రోజులూ వూరిలోనే ఏదైనా పని చూపించవలసిన బాధ్యత అధికారులది. నాగోబా సన్నిధిలో దర్బారు జరుగుతుంది, అధికారులు వచ్చి అర్జీలు తీసుకుంటారు. హైమన్ డార్ఫ్ నాటినుంచి వస్తున్న ఆచారం అది. రిజిస్టరు నకలు ఒకటి అర్జీకి జతచేసి అక్కడ ఇవ్వవచ్చు.

మా వాడలో ఇవాళ పొద్దున తిరిగి చూశాను. ముప్పై ఒక్క ఇళ్ళలో ఏడింటికి తాళాలున్నవి. రెండిళ్ళలో ముసలివాళ్ళు మాత్రమే వున్నారు. నోటుబుక్కు నేనే కొన్నాను. మొదటి పేజీలో నా కొడుకు పేరు రాసి, దాని ఎదుట 'పోతున్నవి' అని రాసుకున్నాను.